బీబమ్మ గారు బస్సెక్కిన రోజు

శనివారం వచ్చిందంటే మా ఇంట్లో కుంకుడుకాయల వాసన. మర్నాడు ఆరాధనకు వెళ్ళాలి కాబట్టి నాకూ మా అమ్మాయికీ ఆ రోజే తలంటు. బజారులో షాంపూ పొట్లాలు ఎన్ని రంగుల్లో వేలాడినా మా అత్తగారు ఒప్పుకోరు. కాయలు చితక్కొట్టి, వేణ్ణీళ్ళలో వేసి, చేత్తో పిసికి నురగ తీస్తారు. కళ్ళు మండుతున్నాయని మా అమ్మాయి ఏడుస్తుంటే నా కళ్ళలోనూ నీళ్ళు తిరుగుతాయి. తన బాధ చూసి అమ్మ కూడా ఏడుస్తోందని ఆ పిల్ల అనుకుంటుంది, అనుకోనిస్తాను. నాకు మాత్రం అది తలంటు వాసన కాదు. గుడివాడలో మా పెరట్లో కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే బందరుకు లాక్కెళ్ళిపోతుంది. అక్కడ ఒక చిన్న నగల కొట్టు, దాని వెనక ఇరుకు గది, ఆ గదిలో పీట మీద కూర్చుని పళ్ళెంలో కుంకుడు రసం పోసుకుని హారాలు కడుగుతూ, మధ్యమధ్య నన్ను తిడుతూ బీబమ్మ గారు.

ఆవిడ అసలు పేరు హబీబున్నీసా. అంత పొడుగు పేరుతో ఆవిణ్ణి పిలిచిన వాళ్ళను నేను చూడలేదు. బజారంతటికీ బీబమ్మ గారే. మనిషి పొట్టి, నోరు పెద్దది. తెల్లటి చీర, తల మీంచి జారిపోకుండా ఎడం చేత్తో ఎప్పుడూ సర్దుకునే కొంగు, కుడి చేతికి ఒక గడియారం. నగల కొట్టు యజమానురాలై ఉండి ఒంటి మీద నగ ఉండేది కాదు. భర్త పోయాక తీసేశారట. ఆయన నడిపిన కొట్టే అది. చిలకలపూడి కవరింగు నగలు, పెళ్ళి సెట్లు, నాట్యం చేసే పిల్లలకు వడ్డాణాలు, అరవంకీలు. ఆయన పోయిన తర్వాత బంధువులు కొట్టు అమ్మెయ్యమంటే, అమ్మేసి ఏం చెయ్యాలి, మీ ఇళ్ళకొచ్చి కూర్చోవాలా అని అడిగారట. దాంతో ఎవరూ మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నేను ఆవిడ దగ్గర చేరడమే ఒక వింత. మాది దివిసీమలో నాగాయలంక దాటాక సముద్రం వైపు ఉండే చిన్న ఊరు. నాన్న రొయ్యల చెరువుల దగ్గర కాపలా. ఇంటరు అయ్యాక డిగ్రీకి ప్రైవేటుగా కట్టి, బందరులో పిన్ని ఇంట్లో ఉంటూ పని వెతుక్కున్నాను. మాది నగలు పెట్టుకోని క్రైస్తవ సంఘం. అమ్మకు చెవులకు కూడా ఏమీ ఉండవు, నాకూ అంతే. అలాంటిదాన్ని వెళ్ళి వెళ్ళి నగల కొట్టులో పని అడిగాను. బీబమ్మ గారు నా చదువు అడగలేదు, ఊరు అడగలేదు. నా మెడకేసి చూశారు. మెడ ఖాళీగా ఉంది, బావుంది, రేపట్నుంచి రా అన్నారు. ఆవిడ లెక్క ప్రకారం నగ మఖమలు గుడ్డ మీద ఉన్నంతసేపూ ఎవరూ కొనరు. మనిషి మెడలో చూస్తేనే కొంటారు. ఆ మెడలో అప్పటికే గొలుసులుంటే చూసేవాళ్ళ కళ్ళు చెదిరిపోతాయి. కాబట్టి మా సంఘం నియమం ఆవిడ వ్యాపారానికి భలే కలిసొచ్చింది.

అమ్మకు ఈ సంగతి తెలిసి కంగారు పడింది. రోజంతా హారాలు వేసుకుని నిలబడే పిల్ల ఆదివారం ఏ మొహం పెట్టుకుని ఆరాధనకు వస్తుందని పిన్నిని నిలదీసింది. బీబమ్మ గారే అమ్మకు ఫోను చేసి, మీ అమ్మాయి నగ పెట్టుకోదండీ, నగను మోస్తుందంతే, కూలీ బస్తా మొయ్యడం లేదూ అని చెప్పారు. అమ్మ మా పాస్టరు గారిని అడిగింది. ఆయన నవ్వేసి, పని పనేనమ్మా అన్నారు. అలా మొదలైంది నా ఉద్యోగం.

ఆ కొట్టులో ఒక పద్ధతి ఉండేది. ఎవరేం చెప్పినా విని ఊరుకోకూడదు, విన్నదాన్ని సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. పెళ్ళి సెట్టు చేయించుకునేవాళ్ళు నలుగురు కలిసి వస్తారు, నలుగురూ నాలుగు రకాలుగా చెప్తారు. చేరిన కొత్తలో మంగినపూడి వైపునుంచి వచ్చిన ఒక పెళ్ళివారు చెప్పిందంతా విని నేను అలాగేనండీ, అలాగేనండీ అని తల ఊపాను. తీరా సెట్టు తయారయ్యాక చూస్తే ఎర్ర రాళ్ళు ఉండాల్సిన చోట పచ్చరాళ్ళు. ఆ పెళ్ళికూతురు మొహం చిన్నబోవడం ఇప్పటికీ నాకు గుర్తే. వాళ్ళు వెళ్ళాక బీబమ్మ గారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు.

"మన వైపు మనుషులకి ఇదో జబ్బు. ఎదుటివాళ్ళు పెద్దవాళ్ళైతే చాలు, అర్థమైనా కాకపోయినా అలాగేనండీ అనేస్తారు. అది మర్యాద అనుకుంటారు. నా కొట్లో ఆ మాట వినపడకూడదు. తిరిగి చెప్పు, అంతే."

ఆ రోజునుంచి ప్రతిదానికీ తిరిగి చెప్పడమే. టీ తెమ్మన్నా తిరిగి చెప్పించేవారు. నాకు ఒళ్ళు మండిపోయేది. పిన్నితో చెప్పుకుని ఏడ్చిన రోజులు కూడా ఉన్నాయి. అలా ఏడిపించడానికి ఇప్పుడు ఆవిడ లేరు, దానికీ బెంగగానే ఉంటుంది.

నా మెడ మీద గడ్డను ముందు చూసింది ఆవిడే. ఒక హారం కొక్కెం పెడుతూ వేళ్ళు ఆపేశారు. చెవి కింద, కాస్త వెనగ్గా, ఉసిరికాయంత ఉంది. నొప్పి లేదండీ అన్నాను. నొప్పి నీకు లేదేమో, నా కొక్కేనికి అడ్డొస్తోంది, రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్ళు అన్నారు. అప్పటికే నాకు సాయంత్రాలు కాస్త ఒళ్ళు వెచ్చబడుతుండేది, తిండి సయించేది కాదు. పరీక్షలకు చదవడం వల్లే అనుకున్నాను. సర్కారు ఆసుపత్రిలో గడ్డలోకి సూది పెట్టి కాస్త రసి తీసి పరీక్షకు పంపారు. టీబీ అన్నారు.

ఊరినుంచి అమ్మ వచ్చింది. డాక్టరు గారు కుర్రాయన, ఓపికగానే మాట్లాడారు. ఊపిరితిత్తుల్లో లేదు, గడ్డలోనే ఉంది కాబట్టి ఇంకొకరికి అంటదని, ఆరు నెలలు రోజూ మాత్రలు వేసుకోవాలని, మధ్యలో మానకూడదని చెప్పారు. ఇంకా చాలా చెప్పారు. అమ్మ, పిన్ని ప్రతి మాటకూ అలాగేనండీ అన్నారు. నాకైతే టీబీ అన్న మాట దగ్గరే చెవులు మూసుకుపోయాయి. కొట్టుకు వెళ్ళి, ఇక పనికి రానండీ, మీరు వేరే పిల్లను చూసుకోండి అని చెప్పాను. ఏమన్నారో తిరిగి చెప్పు అన్నారు బీబమ్మ గారు. నాకు గుర్తున్నంతవరకు చెప్పాను. అంటదన్నాక ఇంకేం, మాత్రలు వేసుకుని రా అన్నారు. నన్ను చూసి ఆవిడ ఒక్క అడుగు కూడా వెనక్కి వెయ్యలేదు. మా పిన్ని అప్పటికే నా కంచం వేరు చేసింది. పాపం పిన్ని తప్పు కూడా కాదు, భయం.

మాత్రలు మొదలుపెట్టాక ఒంటేలు ఎర్రగా వస్తే హడలిపోయాను కానీ, నెల తిరిగేసరికి జ్వరం పోయింది. ఆకలి వేసింది. గడ్డ కరిగి కరిగి, వేలితో వెతికితే తప్ప దొరకనంత అయింది. అమ్మ ఆనందానికి హద్దుల్లేవు. మా వాళ్ళలో ఏదైనా మేలు జరిగితే ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకుంటాం. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేస్తారు, ఇంటివాళ్ళు లేచి నిలబడి జరిగిన మేలు గురించి సాక్ష్యం చెప్తారు, తర్వాత అందరికీ భోజనం. మాత్రలు ఇంకా సగం కూడా కాలేదు, అయినా అమ్మ ఆగలేకపోయింది. నేను ఊరికి బయల్దేరుతుంటే బీబమ్మ గారు బందరు హల్వా పొట్లం కట్టించి ఇచ్చారు.

ఆ కూడికలో అమ్మ ఏడుస్తూ సాక్ష్యం చెప్పింది. నా బిడ్డ స్వస్థపడింది, కావాలంటే మెడ పట్టుకు చూడండి అంది. ఊళ్ళో ఆడవాళ్ళు వరసగా వచ్చి నా మెడ తడిమి చూశారు. ఒకావిడ ముద్దు కూడా పెట్టుకుంది. నాకు సిగ్గూ సంతోషమూ రెండూ.

నేను బందరు తిరిగొచ్చాక, ఒకరోజు పొద్దున్న నిద్ర లేచేసరికి మెడ తిప్పలేకపోయాను. కరిగిపోయిన గడ్డ ఉన్న చోటే వాపు. మొదట్లో నొప్పి కూడా లేనిది ఇప్పుడు సలుపుతోంది. వారం తిరక్కుండానే ముందున్న దానికి రెండింతలైంది, పక్కన ఇంకోటి లేచింది, చర్మం ఎర్రగా కందిపోయింది. మళ్ళీ జ్వరం. మాత్రలు ఒక్క రోజు కూడా మానలేదు నేను. అయినా ఇలా ఎందుకవుతోందో ఊహకు కూడా అందలేదు. పిన్ని భయపడి అమ్మకు కబురు చేసింది, అమ్మ వచ్చి నన్ను ఆసుపత్రికి కాదు, తిన్నగా ఊరికి తీసుకెళ్ళిపోయింది.

ఊళ్ళో బస్సు దిగి ఇంటిదాకా నడిచిన దారి నేను మర్చిపోలేను. అమ్మ తన పైట కొంగు నా మెడ చుట్టూ కప్పింది. మొన్న మెడ తడిమి చూసినవాళ్ళందరూ గుమ్మాల్లో ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు, అనకపోవడమే పెద్ద శిక్ష. అమ్మ మనసులో రెండు భయాలు పెనవేసుకున్నాయి. మందు పడలేదు, పడితే తగ్గిన గడ్డ మళ్ళీ ఎందుకు లేస్తుంది అన్నది ఒకటి. తొందరపడి దేవుడి ఎదుట సాక్ష్యం చెప్పేశాను, దానికే ఇలా అయిందేమోనన్నది రెండోది. మొదటిది అందరితో అనేది, రెండోది నాతో ఒక్కదానితోనే అంది. మాత్రలు తీసి అటక మీద పెట్టేసింది. నేనూ వాటిని అడగలేదు. అవి వేసుకుంటేనే కదా ఇంత అయింది అని నాకూ అనిపించింది. పాస్టరు గారు వచ్చి, ప్రార్థన చేద్దాం కానీ మందు మానొద్దమ్మా అని చెప్పారు. అమ్మ అలాగేనండీ అంది.

బీబమ్మ గారు ఫోను చేశారు. అమ్మే ఎత్తింది. పిల్లను వెంటనే ఆసుపత్రికి పంపండి అని ఆవిడ అంటే అలాగేనండీ అని పెట్టేసింది. ఆ మాట విలువెంతో ఆవిడకు బాగా తెలుసు.

మర్నాడు పొద్దెక్కాక మా ఇంటి ముందు ఆటో ఆగింది. అందులోంచి బీబమ్మ గారు దిగారు. బందరులో బస్సెక్కి, అవనిగడ్డలో దిగి, అక్కణ్ణుంచి ఆటోలు మారి, చెరువు గట్ల మీద గతుకుల్లో కుదుపులు తింటూ వచ్చారు. కొట్టు తాళం వేసి ఎక్కడికీ కదలని మనిషి. కొంగంతా దుమ్ము. నన్ను చూసి పలకరించలేదు. దగ్గరికొచ్చి, అమ్మ చుట్టిన గుడ్డ విప్పి, మెడ చూశారు. అప్పటికి ఒక గడ్డ చితికి చీము కారుతోంది. మొహం ఏమాత్రం చిట్లించకుండా మళ్ళీ గుడ్డ కప్పి, నులక మంచం మీద కూర్చుని మంచినీళ్ళు అడిగారు.

అమ్మ మజ్జిగ ఇచ్చింది. ఇద్దరూ అంతకు ముందు ఫోనులో తప్ప మాట్లాడుకున్నవాళ్ళు కాదు. అమ్మ మర్యాదగానే ఉంది కానీ నన్ను పంపే ఉద్దేశం లేదని మొహమే చెప్తోంది. మందు మార్పించుకుంటామని, ఇక్కడే ఎవరికైనా చూపిస్తామని ఏదో చెప్పింది. బీబమ్మ గారు వాదించలేదు. డాక్టరు దగ్గరికి నేనూ వస్తాను, ఆయన చెప్పింది విందాం, విన్నాక మాన్పించాలనిపిస్తే మాన్పించండి అన్నారు. అమ్మ తల దించుకుని నేల గీరింది. తర్వాత ఉన్నట్టుండి అడిగింది.

"బీబమ్మ గారూ, మీ ఇంట్లో ఎవరికైనా వచ్చిందా అండీ ఈ జబ్బు? ఎవరైనా... పోయారా?"

బీబమ్మ గారు జవాబు చెప్పలేదు. గ్లాసు ఎత్తి మజ్జిగ తాగారు. తాగుతూ గుమ్మంలోంచి బయటకు చూశారు. అమ్మ ఇంకేమీ అడగలేదు. లేచి లోపలికి వెళ్ళింది. అటక మీద చెయ్యి పెట్టిన చప్పుడు వినిపించింది, ఆ తర్వాత సంచిలో బట్టలు సర్దుతున్న చప్పుడు. నా పక్కనుంచి వెళ్తూ మెల్లగా, పాపం, బిడ్డను పోగొట్టుకున్న తల్లి అయ్యుంటుందే అంది. ఆ రోజు అమ్మను కదిలించింది ఆ మౌనమే. ఇంకేం చెప్పినా అమ్మ కదిలేది కాదు.

మర్నాడు ఆసుపత్రిలో డాక్టరు గారు ముందు నన్ను కోప్పడ్డారు, మాత్రలు మానినందుకు. తర్వాత గడ్డలోంచి చీము తీసి కట్టు కట్టారు. మందుకు లొంగని రకం క్రిమి ఏమైనా ఉందేమో చూడాలి, ఈ చీము పరీక్షకు పంపుతున్నాను అన్నారు. అలాంటిది లేకపోతే ఇది మందు పని చెయ్యక వచ్చిన వాపు కాదని, మందు పని చేస్తుంటేనే కొందరిలో ఇలా వస్తుందని చెప్పారు. అమ్మ నోరు తెరిచింది. ఆ నోట్లోంచి ఏ మాట రాబోతోందో నాకూ తెలుసు, బీబమ్మ గారికీ తెలుసు. ఆవిడ అమ్మ చేతి మీద చెయ్యి వేసి ఆపేసి, తనే అడిగారు.

"డాక్టరు గారూ, మాకు అర్థం కాలేదండీ. మందు పని చేస్తే గడ్డ తగ్గాలి గానీ పెరగడమేంటి? ఈ అమ్మకి అర్థమయ్యేట్టు చెప్పండి."

బయట వరసలో జనం ఉన్నారు. అయినా ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. మందు క్రిముల్ని చంపుతుందమ్మా, కానీ చచ్చిన క్రిములు ఎక్కడికీ పోవు, ఆ గడ్డలోనే ఉంటాయి అన్నారు. జబ్బు ముదిరి ఉన్నప్పుడు మీ అమ్మాయి ఒంట్లో పోట్లాడే సత్తువ లేదు. ఇప్పుడు మందు వల్ల కాస్త సత్తువ వచ్చింది. ఆ చచ్చిన వాటిని చూసి ఒళ్ళు ఇప్పుడు మేలుకుని గొడవకు దిగింది. ఈ వాపు, ఎరుపు, చీము ఆ గొడవే. అది దానంతటదే సద్దుమణుగుతుంది, ఎక్కువైతే తగ్గించడానికి వేరే మందుంది. బీబమ్మ గారు వదల్లేదు. మరి మాత్రలు మానేస్తే గొడవ ఆగుతుందిగా అని అడిగారు. ఆగినట్టు కనిపించొచ్చు, కానీ ఇంకా బతికున్న క్రిములు మిగిలిపోతాయి, అవి మళ్ళీ లేచినప్పుడు ఈ మందులకు లొంగకపోవచ్చు, అప్పుడు ప్రాణం మీదకొస్తుంది అన్నారాయన.

బీబమ్మ గారు అమ్మవైపు తిరిగారు. ఇప్పుడు మీరు తిరిగి చెప్పండి వదినగారూ అన్నారు. అమ్మ బెదిరిపోయింది. డాక్టరు ఎదుట మాట్లాడడమే జీవితంలో అలవాటు లేదు. ఒకసారి మొదలుపెట్టి మధ్యలో తప్పింది. మళ్ళీ మొదలుపెట్టింది. మూడోసారి, మా రొయ్యల చెరువు భాషలో, చచ్చిన రొయ్య అడుగున ఉండి నీళ్ళు పాడు చేసినట్టండీ, అది తీసేదాకా చెరువు ఉడుకుతుంది, అంతమాత్రాన మందు వెయ్యకుండా ఉంటామా అండీ అంది. డాక్టరు గారు నవ్వి, నాకంటే బాగా చెప్పారు అన్నారు. తర్వాత కాస్త నొచ్చుకున్నట్టుగా, మధ్యలో వాపు రావచ్చని మొదటి రోజే చెప్పానమ్మా అన్నారు. చెప్పారండీ, అలాగేనండీ అన్నాను కూడా అంది అమ్మ. బీబమ్మ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

ఆ సాయంత్రం కొట్టు వెనక గదిలో అమ్మ నాకు మాత్రలు తన చేత్తో వేసింది. చీము పరీక్షలో మందుకు లొంగని క్రిమి లేదని తర్వాత తేలింది. తేలేదాకా నేను పడిన భయం నాకే తెలుసు. రాత్రుళ్ళు జ్వరం, కట్టు మార్చినప్పుడల్లా మంట. అద్దంలో చూసుకుంటే ఇంతకు ముందు కంటే హీనంగా ఉన్నాను, మందు మాత్రం పని చేస్తోందని నమ్మాలి. కంటికి కనిపించేదానికి ఎదురు తిరిగి నమ్మడం ఎంత కష్టమో ఆ రోజుల్లోనే తెలిసింది.

అమ్మ ఊరెళ్ళిన ఆదివారం ఆరాధనలో సాక్ష్యాలప్పుడు మళ్ళీ లేచి నిలబడిందట. నాన్న చెప్పారు. అందరూ తలలు దించుకున్నారట, ఏం చెప్తుందోనని. నా బిడ్డకు ఇంకా తగ్గలేదు, మెడ వాచి చీము కారుతోంది, మందు పని చేస్తోంది కాబట్టే కారుతోంది అని మొదలుపెట్టి, క్రిములు చావడం దగ్గర్నుంచి మాత్రలు మానకూడదనేదాకా డాక్టరు చెప్పిందంతా వరస తప్పకుండా చెప్పిందట. తగ్గాక చెప్పే సాక్ష్యాలే తప్ప తగ్గకుండా చెప్పే సాక్ష్యం మా ఊళ్ళో ఎవరూ వినలేదు. వెనక వరసలో ఒక ముసలాయన, అయితే ఆ మాత్రలు ఇంకెన్నాళ్ళు వెయ్యాలి అని అడిగాడట. పాస్టరు గారు ఆ మాత్రలు చివరిదాకా వేసుకునే ఓపిక ఇమ్మని ప్రార్థన చేశారు. అమ్మకు అంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు.

కట్టుతోనే కొట్టుకు వెళ్ళాను. నన్ను చూసి కొనేవాళ్ళు జడుసుకుంటారండీ అంటే, మెడ సెలవు పెట్టిందే కానీ నడుము పెట్టలేదుగా అని బీబమ్మ గారు నా చేతికి వడ్డాణాలు ఇచ్చారు. కట్టు ఉన్నన్నాళ్ళూ వడ్డాణాలు, గాజులు, అరవంకీలు చూపించాను. మాత్రలు వేసుకున్నానా అని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. వేసుకునే వేళకు మంచినీళ్ళ గ్లాసు నా పక్కన పెట్టి వెళ్ళిపోయేవారు. నెమ్మదిగా వాపు దిగింది, పుండు మానింది. మందు పూర్తయ్యేనాటికి చెవి కింద ముడుచుకుపోయిన మచ్చ ఒకటి మిగిలింది. ఆ మచ్చతో హారం వేసుకుని నిలబడడానికి నాకు మనసొప్పలేదు. ఆవిడే వెనకనుంచి వచ్చి కంటె తగిలించేశారు. ఆ రోజే ఒక కొనుగోలుదారు నా మెడకేసి వేలు చూపించి, అదేంటని మొహం ముడుచుకుంది. బీబమ్మ గారు తల కూడా ఎత్తకుండా, అది నగతో పాటు రాదండీ, ఆ అమ్మాయిది అన్నారు. ఆ వచ్చినావిడ నగ కొనలేదు. వెళ్ళిపోయాక నేను ఏడుస్తుంటే, కొననివాళ్ళు మచ్చ లేకపోయినా కొనరు, పళ్ళెం కడుగు అన్నారు. ఓదార్చడం అనేది ఆవిడకు చేత కాదు.

పెళ్ళై గుడివాడ వచ్చేశాను. మావారు బియ్యం మిల్లులో పని చేస్తారు. బందరు ఎంతో దూరం కాదు, బస్సెక్కితే వెళ్ళొచ్చు. కానీ పిల్ల, ఇల్లు, అత్తగారు, మధ్యలో ఏళ్ళు గడిచిపోతాయి. ఫోనులో మాత్రం మాట్లాడేవాళ్ళం. ఏం వండావు, పిల్లకు టీకాలు వేయించావా అని అడిగి, నేను చెప్పిందంతా విని, సరే పెట్టెయ్యి అనేవారు. ప్రేమగా ఒక్క మాట అనేవారు కాదు. ఆ సరే పెట్టెయ్యి కోసమే నేను ఫోను చేసేదాన్నని ఇప్పుడు తెలుస్తోంది. ఇప్పుడు కూడా ఏదైనా మంచి జరిగితే చెయ్యి ఫోను మీదికి వెళ్తుంది. ఎత్తే మనిషి లేరు. నిద్రలోనే పోయారని బందరు పక్క గూడూరులో ఉండే ఆవిడ చెల్లెలు కబురు చేశారు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

నలభయ్యో రోజు చేసే ఫాతిహా ప్రార్థనకు గూడూరు వెళ్ళాను. భోజనాలయ్యాక చెల్లెలి గారి పక్కన కూర్చుని, ఎన్నో ఏళ్ళుగా అడగాలనుకున్నది అడిగాను. అమ్మ ఆనాడు అన్న మాట నేను ఎప్పుడూ అనుమానించలేదు. అంత దూరం ఎండలో పడి వచ్చిందంటే, ఒక పరాయి పిల్ల మెడ కోసం అంత పట్టుబట్టిందంటే, తన బిడ్డనెవరినో ఆ జబ్బుకు పోగొట్టుకుని ఉంటుందని, నాలో ఆ బిడ్డను చూసుకుందని నమ్మాను. అందుకే నా ప్రార్థనలో, పేరు తెలియదు కాబట్టి, బీబమ్మ గారి బిడ్డ అని ఒక మాట అనుకునేదాన్ని. ఆ బిడ్డ పేరేంటండీ అని అడిగాను.

చెల్లెలి గారు నాకేసి వింతగా చూశారు.

"బిడ్డేంటమ్మా? అక్కకి పిల్లలు పుట్టనే లేదు. ఆ జబ్బు మా ఇంటా వంటా ఎవరికీ రాలేదు."

మరి మా ఊరికి ఎందుకు వచ్చారండీ అని అడిగాను. ఆవిడ గుర్తు చేసుకున్నారు. నువ్వు ఊరెళ్ళిపోయిన ఆ రోజుల్లో అక్క రోజూ ఫోను చేసి నీ గురించే చెప్పేదమ్మా అన్నారు. పిల్ల వెళ్ళిపోతే ఇంకో పిల్ల దొరకదా, ఎందుకంత హైరానా అని తనే విసుక్కున్నారట.

"దొరుకుతుందే, కానీ నాకు ఆ పిల్లే కావాలి అంది. మర్నాడు బస్సెక్కింది."

గుడివాడ బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారంతా ఏడ్చాను. ఆవిడ పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. చనిపోయిన బిడ్డ తాలూకు ప్రేమ ఏదో నాకు మిగిలిందని ఇన్నేళ్ళూ అనుకున్నాను, అది తీసుకోవడానికి కాస్త మొహమాటంగానే ఉండేది. ఎవరి వాటా కాదు, అంతా నాకే ఇచ్చింది. ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఇప్పుడు తెలిసినా వెళ్ళి కాళ్ళ దగ్గర కూర్చోడానికి మనిషి లేదు.

ఆ ప్రార్థన మాత్రం మానలేదు. పొద్దున్నే మోకరించినప్పుడు బీబమ్మ గారి బిడ్డ అనే మాట దానంతటదే వస్తుంది. లేని బిడ్డ కోసం ఇంకా ఎందుకు అని మొదట్లో ఆపబోయాను, మనసొప్పలేదు. ఇప్పుడు ఆపను. ఆ బిడ్డ బతికే ఉంది, మాత్రలన్నీ పూర్తి చేసింది, అమ్మ మీద బెంగ పెట్టుకుని గుడివాడలో ఉంటోంది.